గ్రాఫిక్స్ కార్డు వెనక గిన్నె

కిరండుల్ చలిలో కూడా మా క్వార్టర్లో నా గ్రాఫిక్స్ కార్డు ఉడికిపోతోంది! ఆటలో చివరి రాక్షసుడితో పోరు మొదలైంది. తెర మూలన అంకె ఎనభై ఎనిమిది డిగ్రీలు దాటింది, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. గనుల ఎర్రదుమ్ము పొద్దున్నే దులిపాను, ఫ్యాన్ల వేగం పూర్తిగా పెంచాను. ఇంకేం కావాలి దీనికి? ఒళ్లు మండి కంప్యూటర్ వెనక్కి వంగి చూశాను. వేడిగాలి బయటికొచ్చే జాలీకి ఆనించి, తువ్వాలు చుట్టిన ఇడ్లీపిండి గిన్నె!

పక్కకు లాగేశాను. ఎనభై, డెబ్భై ఆరు, డెబ్భై! అంకె కళ్లముందే దిగింది, రాక్షసుడు కూలాడు. ఎగిరి కేక పెట్టాను.

రోజూ ఆట కట్టెయ్యమని తిట్టే అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, గిన్నె మీద చెయ్యి వేసి చూసింది.

"అప్పుడే ఆపేశావేంటే? ఇంకో ఆట ఆడు, పిండి సగమే పొంగింది."