బొమ్మల కొలువుకు వచ్చిన మిలిటరీ రైలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దసరాకు దేవుడి కంటే ముందు రైలు లేచేది. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను. మా తాతయ్య రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. పచ్చజెండా, ఎర్రజెండా, ఈల అన్నీ ఆఫీసుకు అప్పగించారు గానీ రైలును మాత్రం ఇంటికి తెచ్చేసుకున్నారు. అమీర్‌పేటలో మా ఫ్లాటు వెనక గది నిండా ఒక పెద్ద చెక్క బల్ల, దాని మీద పట్టాలు, స్టేషను, వంతెన, సొరంగం. ఇంజను నా జానెడు ఉండేది. పట్టాల్లో పారే చిన్నపాటి కరెంటుతో నడిచేది. పట్టా మీద ఇంత మురికి చేరినా కరెంటు అందక మొరాయించేది. అందుకని తాతయ్య రోజూ పొద్దున్నే పళ్ళు తోముకున్నంత శ్రద్ధగా పట్టాలు తుడిచేవారు.

అవి అమీర్‌పేట గోడలన్నీ కంప్యూటర్ కోర్సుల బోర్డులతో నిండిపోయిన రోజులు. సందు చివరి దాకా వెళ్ళి కొత్తిమీర తెచ్చేలోపు చేతిలో గుప్పెడు కరపత్రాలు పెట్టేవాళ్ళు. అందరూ వాటిని అక్కడే పారేస్తే, మా తాతయ్య మాత్రం అడిగి మరీ తెచ్చుకునేవారు. వాటిని నానబెట్టి, మైదా జిగురు కలిపి, కొండలు చేసేవారు. మా రైలు దారిలోని కొండలన్నీ ఆ కరపత్రాలే. సొరంగంలోకి తొంగి చూస్తే 'ఉద్యోగం గ్యారంటీ' అన్న అక్షరాలు తలకిందులుగా కనిపించేవి.

దసరా వచ్చిందంటే ఆ బల్లను హాల్లోకి మోసుకొచ్చి బొమ్మల కొలువు ముందు పెట్టేవాళ్ళం. మెట్ల మీద నాయనమ్మ బొమ్మలు, కింద తాతయ్య రైలు. పొలాల కోసం మట్టి పోసి రాగులు చల్లేవాళ్ళం. పండగ నాటికి అవి పచ్చగా మొలిచేవి. కొలువుకు మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా ఒక్కటైనా కొత్త బొమ్మ రావాలి, రాకపోతే కొలువు చిన్నబోతుందని నాయనమ్మ నమ్మకం. ఆ కొత్త బొమ్మను తెచ్చేది మా నాన్న. నాన్న సైన్యంలో లారీ నడిపేవారు. ఎక్కడో మంచుకొండల్లో ఉండి, దసరాకు సెలవు పెట్టుకుని, సంచీలో బొమ్మతో దిగేవారు.

ఆ ఏడు సెలవు దొరకలేదు. ఫోనులో ఆ మాట చెప్పి, "ఈసారి కొత్త బొమ్మ నువ్వే తేవాలి తల్లీ. నవమి సాయంత్రం ఫోన్ చేస్తాను, ఏం తెచ్చావో చెప్పు" అన్నారు. నాకు ఏడుపు, కోపం, రోషం మూడూ కలిసి వచ్చాయి. ఏం మాట్లాడుతున్నానో తెలియకుండానే, "నీ లారీనే తెస్తాను నాన్నా. మిలిటరీ రైలు తెస్తాను. అది నడుస్తుంటే నీకు ఫోనులో వినిపిస్తాను" అని మాట ఇచ్చేశాను. ఆయన వెనక ఫోను కోసం ఎంతోమంది నిలబడి ఉండేవాళ్ళట. నాలుగు మాటలు మాట్లాడేసరికే పెట్టేయాల్సి వచ్చేది. అంటే ఫోను మోగేసరికి రైలు నడుస్తూ ఉండాలి. లేకపోతే మళ్ళీ ఎప్పుడో.

మాట విని తాతయ్య కళ్ళు మెరిశాయి. లారీలను, ట్యాంకులను పైకప్పు లేని బండ్ల మీదకు ఎక్కించి, గొలుసులతో కట్టి తీసుకెళ్ళే రైళ్ళకు ఆయన ఎన్నోసార్లు గార్డుగా వెళ్ళారట. "మిలిటరీ స్పెషల్ అంటే ప్రతి స్టేషనులో జనం చేతులూపేవారే!" అంటూ ఆ పూటే పని మొదలుపెట్టారు. సనత్‌నగర్‌లో తెలిసినవాళ్ళ షెడ్డుకు వెళ్ళి రేకుతో బల్లపరుపు బండ్లు రెండు చేయించుకొచ్చారు. ఇక వాటి మీదకు ఎక్కించే వాహనాలు కావాలి. అసలు కొలతలకు సరిగ్గా సరిపోయే బొమ్మ ట్యాంకులు విదేశాల్లో దొరుకుతాయని ఆయనకు తెలుసు. "ఆ ధర పెడితే నిజం జీపే వస్తుంది, పైగా హారన్ కూడా మోగుతుంది" అని నన్ను వెంటబెట్టుకుని పంజాగుట్ట చౌరస్తాకు బయలుదేరారు.

ఆ చౌరస్తా పక్కన ఫుట్‌పాత్ మీద, దువ్వెనలకూ జేబురుమాళ్ళకూ మధ్య, సైన్యం మొత్తం పరిచి ఉంది! పచ్చ ప్లాస్టిక్ ట్యాంకు, వెనక్కి లాగి వదిలితే పరుగెత్తే జీపు, రేకు లారీలు. తాతయ్య జేబులోంచి స్టీలు స్కేలు తీసి ఒక్కో బొమ్మనూ కొలవడం మొదలుపెట్టారు. బొమ్మలమ్మే ఆయన కాసేపు ఊరుకుని, "ఏంది సాబ్, ట్యాంకుకు ప్యాంటు కుట్టిస్తరా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను, తాతయ్య మాత్రం తనూ నవ్వుతూ కొలుస్తూనే ఉన్నారు. ఆ కుప్పలో అట్టడుగున నాకొక చిట్టి లారీ దొరికింది. వెనక ఖాకీ గుడారం ఉన్న లారీ. అచ్చం నాన్న ఫోటోలో ఆయన ఆనుకుని నిలబడ్డ లారీలాగే ఉంది. అదే నాన్న లారీ అని అక్కడికక్కడే తీర్మానించేశాను. కొలతకు కుదిరినవి రెండు రేకు లారీలే అయినా, నా మారాం పడలేక తాతయ్య దాంతోపాటు ట్యాంకునూ జీపునూ కూడా కొన్నారు.

ఇంటికొచ్చి బల్ల మీద పెట్టేసరికి ఉత్సాహమంతా నీరుకారిపోయింది. ట్యాంకు మా స్టేషనును మింగేసేలా ఉంది. జీపు ఇంజను కంటే ఎత్తు. రెండు రేకు లారీలు మాత్రం బండ్ల మీద బాగానే కూర్చున్నాయి. నాన్న లారీ సంగతి చెప్పనక్కర్లేదు, స్టేషను ముందు నిలబడ్డ ఆవు కంటే చిన్నది. తాతయ్య కళ్ళజోడు తీసి, "స్కేలు కుదరదమ్మా" అని చతికిలబడ్డారు. మెట్ల మీద బొమ్మలు సర్దుతున్న నాయనమ్మ వెనక్కి తిరక్కుండానే, "నా కొలువులో సెట్టిగారి బొమ్మ ఏనుగు బొమ్మ కంటే పెద్దగా ఉంది. ఇన్నేళ్ళలో ఎవరైనా అడిగారా?" అంది. అయినా తాతయ్య మనసు ఒప్పుకోలేదు. రైలు విషయంలో ఆయనది ఉడుంపట్టు.

అప్పుడే పక్కింటి అక్క వచ్చింది. పక్క ఫ్లాటులో కొందరు అమ్మాయిలు కలిసి ఉంటూ కోర్సులు చదువుకునేవారు. మిగతా అందరూ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుంటే, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఈ అక్క మాత్రం కంప్యూటర్‌లో బొమ్మలను కదిలించే విద్య నేర్చుకునేది. నాయనమ్మ చేసే శనగల వాసన ఆమెకు గోడ అవతల నుంచే తెలిసిపోయేది.

"ఏంది తాతా, గట్ల కూసున్నరు? రైలు పట్టా తప్పిందా?" అంది. తాతయ్య స్కేలు చూపించి తన బాధంతా చెప్పుకున్నారు. అక్క శనగలు నముల్తూ బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. "బొమ్మలు మంచిగనే ఉన్నయి తాతా. పెట్టిన జాగలే మంచిగ లేవు" అని గిన్నె పక్కన పెట్టింది.

ఆ తర్వాత ఆమె చేసిందంతా నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పెద్ద ట్యాంకును బల్ల ఈ అంచుకు, మాకు దగ్గరగా తెచ్చింది. దాని వెనకే జీపు. రైలు మధ్యలో. సుద్దముక్కతో ఒక దారి గీసింది. మా ముందు వెడల్పుగా మొదలై, పోయేకొద్దీ సన్నబడి, కరపత్రాల కొండ ఎక్కేసరికి దారమంత అయింది. దగ్గరి రాగి మొలకలను అలాగే ఉంచి, వెనకవాటిని కత్తెరతో పొట్టిగా కత్తిరించింది. చివరికి నాన్న లారీని తీసుకెళ్ళి కొండదారి చివర, అన్నిటికంటే వెనక పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి బండ్లూ ముందు, మా నాన్నది మాత్రం ఎక్కడో మూల! "మా నాన్న లారీయేనా అందరి కంటే చిన్నది?" అని ఏడుపు గొంతుతో దాన్ని లాక్కున్నాను. అక్క కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. లారీని నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టింది. "జర కింద కూసో పిల్లా. ఇంకా కిందికి. గడ్డం బల్లకు ఆనియ్యి. ఒక కన్ను మూసి, గా రైలుల కూసున్నోళ్ళ లెక్క చూడు" అంది.

చూశాను. బల్ల లేదు, హాలు లేదు. నా పక్క నుంచి ఒక దారి బయలుదేరి, ట్యాంకును దాటి, జీపును దాటి, పొలాల మధ్యగా సాగి సాగి కొండెక్కుతోంది. ఆ కొండ మీద ఎంతో దూరంలో, ఖాకీ గుడారం కప్పుకుని, నిజంగా నిజమైన ఒక లారీ వెళ్తోంది. దాన్ని పిలవాలనిపించింది నాకు.

"చిన్నగ లేదు పిల్లా. దూరంగ ఉన్నది" అంది అక్క.

తాతయ్య మోకాళ్ళు పట్టుకుని నా పక్కనే కూలబడి, తనూ ఒక కన్ను మూశారు. తర్వాత లేచి, చెయ్యి చాపి, ఆ లారీని ఇంకొక్క వేలెడు పైకి జరిపారు. "వాడు ఇంకొంచెం పైన ఉంటాడమ్మా" అన్నారు. స్టీలు స్కేలు మళ్ళీ జేబులోంచి బయటకు రాలేదు.

అక్కడి నుంచి ఇల్లంతా ఒకటే హడావిడి. ఎర్రగా, పసుపుగా మెరిసిపోతున్న రేకు లారీలకు అక్క ఆకుపచ్చలో కాస్త ఎరుపు కలిపి పూసి మెరుపు చంపేసింది. మొహానికి రాసుకునే పౌడరు చల్లి దుమ్ము పట్టించింది. నాయనమ్మ తెగిపోయిన గిల్టు గొలుసు ఇస్తే, దాంతో తాతయ్య లారీలను బండ్లకు బిగించారు, చక్రాల కింద అగ్గిపుల్లల ముక్కలు పెట్టారు. మా మిలిటరీ స్పెషల్ మొదటిసారి సొరంగంలోంచి బయటికొచ్చినప్పుడు నేను గెంతిన గెంతుకు కింది ఫ్లాటు వాళ్ళు పైకి వచ్చి చూశారు.

నవమి నాడు ఆయుధపూజ. నాయనమ్మ కత్తిపీట, మిక్సీ, కుట్టుమిషను, తాతయ్య స్క్రూడ్రైవరు అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టింది. ట్యాంకుకు బంతిపువ్వు, జీపు చక్రాల కింద నిమ్మకాయ బదులు చింతగింజ. సాయంత్రం పేరంటాళ్ళు వచ్చారు, హాలు పట్టుచీరలతో గలగలలాడింది. తాతయ్య ఎన్నడో దాచుకున్న పాత టోపీ పెట్టుకుని మీట తిప్పారు. రైలు ఠీవిగా కదిలి, వంతెన దాటి, స్టేషను ముందుకొచ్చి టక్కున ఆగిపోయింది.

మీట ఎంత తిప్పినా కదలదు. తాతయ్య వంగి చూసి గుండె పట్టుకున్నారు. పట్టాలు పొడుగునా, గడపకు రాసినట్టు, చక్కగా పసుపు! మధ్యమధ్య కుంకుమ బొట్లు కూడా. "ఇంత కష్టపడే పట్టాలకు పూజ చెయ్యకపోతే ఎలా?" అంది నాయనమ్మ, ఏం జరిగిందో అర్థం కాక. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

నేను ఫోను వంకా, ఆగిన రైలు వంకా మార్చి మార్చి చూస్తున్నాను. అక్క మాత్రం ఒక్క కేక పెట్టింది. "నాయనమ్మా, నువ్వు ఫోన్ల మాట్లాడుతనే ఉండు, పెట్టనియ్యకు! మనం తుడుద్దాం పాండ్రి!" నాయనమ్మ రిసీవరు అందుకుని, కొడుక్కి ఊపిరాడనివ్వకుండా, పులిహోరలో వేసిన పోపు దగ్గర నుంచి మొదలుపెట్టింది. వంటింట్లో ఉన్న అమ్మ తడిగుడ్డతో పరుగెత్తుకొచ్చింది. పేరంటాళ్ళు తాంబూలాలు కిందపెట్టి జేబురుమాళ్ళతో, ఒకావిడైతే ఏకంగా కొంగుతోనే, బల్ల చుట్టూ వంగి పట్టాలు రుద్దేశారు. తాతయ్య ఈల లేకుండానే నోటితో ఈల వేశారు. రైలు ఒకసారి వణికి కదిలింది! నేను ఫోను లాక్కుని, తీగ సాగినంత మేర సాగదీసి, పట్టాల పక్కన పెట్టాను. కటకట, కటకట, కటకట. మిలిటరీ స్పెషల్ మూడు చుట్లు తిరిగింది. పట్టుచీరల వాళ్ళంతా దానికి చేతులూపారు.

రిసీవరు చెవిన పెట్టుకుంటే అవతల నవ్వు వినిపించింది. ఎక్కడో నూతిలోంచి వచ్చినంత సన్నగా ఉంది నాన్న గొంతు. "వినపడింది తల్లీ. నా లారీ ఏదీ?" అన్నారు. కొండ మీద ఉందని చెప్పాను. "ఎంతుందేంటి?" అన్నారు. నేను కిందకు వంగి, ఒక కన్ను మూసి చూసి, "చిన్నగా లేదు నాన్నా, దూరంగా ఉంది" అన్నాను. ఆయన వెనక ఎవరో తొందరపెడుతున్నారు. అయినా ఒక్క క్షణం అలాగే ఉండి, అప్పుడు ఫోను పెట్టేశారు.

నాన్న ఎండాకాలంలో సెలవు మీద వచ్చారు. బూట్లు కూడా విప్పకుండా వెనక గదికి వెళ్ళి, గడ్డం బల్లకు ఆనించి, ఒక కన్ను మూశారు. ఎవరు నేర్పారో మరి, మేమెవరమూ చెప్పలేదు.

ఇప్పుడు నా కణతల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్నాయి. తాతయ్య లేరు, పక్కింటి అక్క ఏ ఊళ్ళో ఉందో తెలియదు. దసరా కొలువు మాత్రం మానలేదు. నా కంటికి ఎవరైనా చిన్నగా కనబడినప్పుడల్లా, ముందు నేను ఎక్కడ నిలబడి చూస్తున్నానో చూసుకుంటాను. నాన్న కూడా వెళ్ళిపోయాక వచ్చిన మొదటి దసరాకు, ఆ ఖాకీ లారీని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తర్వాత చెయ్యి చాపి, కొండదారి మీద, ఇంకొక్క వేలెడు పైకి జరిపాను.