సుగుణకుమారి బొగ్గు పొయ్యి

ఇంగ్లండులో బేసింగ్‌స్టోక్ దాటాక గ్యాస్ పైపు రాని పల్లె ఒకటుంది. అక్కడ ఒక పాత ఇల్లు, హాల్లో గోడకు ఆనించి ఇనుప బొగ్గు పొయ్యి. ఆ ఇంట్లో అద్దెకున్నది కేర్ హోమ్ నర్సు హెప్సి, వేర్‌హౌస్‌లో పనిచేసే ఆమె మొగుడు ఫ్రెడీ. హెప్సికి కానుపైతే చూసుకోవడానికి తల్లి సుగుణకుమారి ఆరు నెలల వీసా మీద నవంబరులో బెల్లంపల్లి నుంచి దిగింది.

దిగిన రోజే ఆమెకు ఒళ్ళు మండింది. ఫ్రెడీ పొయ్యి నిండా బొగ్గు కుమ్మరించి, గాలి వచ్చే సందులన్నీ బార్లా తీసి పెట్టాడు. వేడంతా చిమ్నీ వెంట ఆకాశానికి పోతోంది. పసిపిల్ల నాలుగు దుప్పట్లలో ముడుచుకుని ఉంది.

"ఎవల్ని కాగబెడుతున్నవ్ అల్లుడా, మబ్బులనా?"

"వీడియో చూసే నేర్చుకున్న అత్తమ్మా."

"మా ఇంటాయన ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల దిగిండు. నాకు వీడియోలు చెప్పకు. జరుగు."

ఆ రోజు నుంచి పొయ్యి ఆమెదే. ముందు పుల్లలు, వాటి మీద గుప్పెడు బొగ్గు, అవి ఎర్రబడ్డాకే ఇంకొన్ని. బొగ్గుకు గాలి కింది నుంచి అందాలి గనుక పొద్దునా సాయంత్రం బూడిద దులిపేది. నిప్పు కణకణలాడాక కింది గాలి సందును వేలెడు మాత్రం ఉంచి మూసేది. ఫ్రెడీ రెండు రోజుల్లో తగలేసే బస్తా ఆమె చేతిలో ఐదు రోజులు వచ్చింది, ఇల్లు మునుపటికన్నా వెచ్చగా ఉంది. నాలుగో తరగతి దాటని మనిషి, ఆ పరాయి ఇంట్లో ఆ ఒక్క మూల తనదని మెడ ఎత్తుకుని తిరిగింది.

జనవరిలో ఒక శుక్రవారం నుంచి నిప్పు మందగించింది. బొగ్గు తడిసిందని బొగ్గును తిట్టింది. ఆదివారం చర్చికి తయారవుతుంటే పొయ్యి విషవాయువును పసిగట్టే గోడ మీది అలారం కూసింది. పిల్లనెత్తుకుని అందరూ పెరట్లోకి పరిగెత్తారు. మంచులో నిలబడి ఫ్రెడీ అరిచాడు:

"మూసి మూసి మమ్మల్ని చంపేటోళ్ళు గద అత్తమ్మా. ఇగ ఆ పొయ్యి ముట్టకుండ్రి. ఓనర్‌కు చెప్పి పీకేయిస్త. కరెంటు హీటర్లు చాలు."

హెప్సి తల్లి వైపు చూడలేదు. అల్లుడి మాటకన్నా అదే ఎక్కువ కోసింది.

రెండు రోజులు సుగుణకుమారి చల్లారిన పొయ్యి ఎదుట కూర్చుంది. వేలెడు సందు ఉంచిందా, మరిచిందా? బాయిలో అడుగు పెట్టగానే ముందు గాలి చూసుకునే మనిషితో కాపురం చేసి, పసిపిల్ల ఉన్న ఇంట్లో తానే గాలి చూసుకోలేదా? ఆ అనుమానంతో కోపం రెట్టింపైంది. హెప్సి అన్నం తెస్తే కంచం పక్కకు తోసేసింది.

మంగళవారం ఓనర్ పంపిన చిమ్నీ దులిపే మనిషి వచ్చాడు. గొట్టం శుభ్రంగానే ఉంది. అతను గదంతా కలియజూసి సోఫా జరిపాడు. వెనక గోడలో బయటి గాలి వచ్చే జాలీ ఉంది. అందులోంచి ఒక గుడ్డను పట్టి లాగితే చేతులతో సహా స్వెటర్ వచ్చింది. ఫ్రెడీది. చిమ్నీ మనిషి ఇంగ్లీషులో ఏదో గట్టిగా అన్నాడు.

"ఏమంటుండు?"

ఫ్రెడీ నేల చూశాడు. హెప్సి చెప్పింది. "పొయ్యికి గాలి ఈ జాలీల నుంచే రావాలంట అమ్మా. ఇది మూసినోనికి బుద్ధుందా అంటుండు."

"శుక్రవారం చలిగాలి కొడుతుందని పెట్టిన అత్తమ్మా," అన్నాడు ఫ్రెడీ. "మర్చిపోయిన. తప్పయింది."

"నాది గూడ తప్పే. నిప్పు మందగిస్తే బొగ్గును తిట్టిన గని గది చూడలే. నా తప్పుకు రెండు రోజులు తిండి మానిన. నీ తప్పుకు నువ్వేం జేస్తవ్?"

ఫ్రెడీ స్వెటర్ దులపబోయాడు. ఆమె పొయ్యి వైపు వేలు చూపింది.

"మోకాళ్ళ మీద కూచో. నువ్వే అంటించు. ఏప్రిల్‌ల నేను పోత. అటెన్క ఈ పిల్లకు చలి బెడితే నిన్నే అడుగుత."

మొదటిసారి పొగ తప్ప ఏమీ రాలేదు. రెండోసారి బొగ్గు ఎక్కువేసి నిప్పును చంపేశాడు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. "తీసి మళ్ళ బెట్టు," అంది, రెండుసార్లూ అదే గొంతుతో.

మూడోసారి పుల్లలు రాజుకుని బొగ్గు అంచు ఎర్రబడింది. సంబరంగా ఇంకో పారెడు బొగ్గు ఎత్తిన అల్లుడి చేతిని ఆమె గట్టిగా పట్టుకుంది.

"ఆగు. ముందు దాన్ని మండనియ్."