ఐసు ఫ్యాక్టరీలో చివరి స్టేజి

మా చిన్నప్పుడు... భీమవరంలో వేసవి మధ్యాహ్నం కరెంటు పోయిందంటే అందరూ విసనకర్రలు వెతుక్కునేవారు. నేనూ లావణ్యా మాత్రం నెత్తీ నోరూ బాదుకునేవాళ్లం. మా వీడియో గేమ్‌లో సేవ్ అనేదే లేదు మరి. ఎంత దూరం వచ్చినా సరే, కరెంటు పోతే మళ్లీ మొదటి స్టేజి నుంచే!

ఈ ఏడాది ఆడినవాటిలో నచ్చిన గేములేంటో అందరూ ఇక్కడ లిస్టులు పెడుతున్నారు కదా... అవి చూస్తుంటే ఆరో తరగతి అయిపోయిన ఆ వేసవి గుర్తొచ్చి కడుపు మండింది. అందుకే రాస్తున్నా.

ఆ ఏడాది మా లిస్టూ చిన్నదేం కాదండోయ్. బాతుల్ని తుపాకీతో కొట్టేది, ట్యాంకులది, మోటారు సైకిళ్లది... అన్నీ ఒకే పసుపుపచ్చ క్యాసెట్‌లో. బొమ్మ రాకపోతే క్యాసెట్ బయటికి తీసి ఉఫ్ ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. కానీ మా ప్రాణమంతా ఒక్కదాని మీదే ఉండేది. ఇంగ్లీషులో దానికేదో పేరుండేది గానీ మేం ‘కోట ఆట’ అనేవాళ్లం.

అందులో ఎర్ర చొక్కావాడు నేను, నీలం చొక్కావాడు లావణ్య. ఇద్దరూ కలిసి శత్రువుల్ని కొట్టుకుంటూ కోట చివరిదాకా వెళ్లాలి. ఒకరి ప్రాణాలు అయిపోతే రెండోవాళ్లు తమవాటిలోంచి ఒకటి ఇవ్వొచ్చు. లావణ్యది దూకుడు... ఊరికే చచ్చిపోయేది. “ఒక్కటియ్యవే, ఇంకెప్పుడూ అడగను” అని నా గెడ్డం పట్టుకునేది. నేను కరిగిపోయి ఇచ్చేసేదాన్ని.

ఆ చివరి స్టేజిలో ఏముందో చూడాలి... ఆ వేసవంతా నాకు అదొక్కటే ధ్యాస. కానీ ఈ కరెంటుతో ఎలా?

లావణ్య వాళ్ల నాన్నగారికి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. రొయ్యల లారీలకి ఐసు ఆగకూడదని మధ్యాహ్నాలు జనరేటరు మీదే నడిపేవారు. ఆఫీసు గదిలో క్రికెట్ చూడ్డానికి చిన్న కలర్ టీవీ కూడా ఉండేది. లావణ్య రెండ్రోజులు అన్నం మానేసి అలిగితే వాళ్ల నాన్నగారు సరేనన్నారు.

సరిగ్గా అప్పుడే మా అమ్మ నన్ను వారం రోజులకి నరసాపురం పంపించింది. అక్కడ అమ్మమ్మ వాళ్ల చర్చిలో వీబీఎస్... అదేనండి, వేసవి సెలవుల బైబిలు తరగతులు. వెళ్లేముందు ఫ్యాక్టరీకి పోయి, ఊకలో పెట్టిన ఐసు దిమ్మ మీద ఇద్దరం అరచేతులు ఆనించి ఒట్టేసుకున్నాం. నేను వచ్చేదాకా కోట ఆట ముట్టుకోకూడదు. చివరి స్టేజి కలిసే చూడాలి. చేతులు తిమ్మిరెక్కినా లావణ్య ముందు తియ్యలేదు. అంత గట్టి ఒట్టు!

నరసాపురంలో కళ్లు మూసుకుని ప్రార్థన చేసినప్పుడల్లా నేను ఆ స్టేజి గురించే అడిగాను. దేవుడు క్షమించాలి నన్ను.

తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసు గదిలో కూర్చున్నాం. అవతల ఐసు మిషన్ల హోరు, ఇవతల మా రిమోట్ల టకటక. చివరి స్టేజికి వచ్చేసరికి లావణ్య ప్రాణాలు అయిపోయాయి. నాకు రెండే మిగిలాయి. అడక్కుండానే ఒకటి ఇచ్చేశాను. ఇద్దరం కలిసి గద పట్టుకున్న ఆఖరి రాక్షసుణ్ణి కూల్చేశాం. నేను కుర్చీ మీంచి ఎగిరి గంతేశాను.

తీరా చూస్తే... ఆట అయిపోలేదు. తెర మీద ఒక్కటే సింహాసనం. ఎదురెదురుగా మేమిద్దరమే నిలబడి ఉన్నాం.

“ఇదేంటే? ఇంకెవరున్నారే కొట్టడానికి?” అని లావణ్య వైపు తిరిగాను.

అది నా వైపు చూడలేదు. దాని బొటనవేలు అప్పటికే బటన్ మీద టకటకలాడుతోంది. నీలం చొక్కావాడు ఎర్ర చొక్కావాణ్ణి కొడుతున్నాడు.

“ఒసేయ్, ఆగవే! అది నేనే!”

“తెలుసులే.”

నేను ఒక్క బటనూ నొక్కలేదు. నా ఎర్ర చొక్కావాడు కింద పడ్డాడు. నేనిచ్చిన ప్రాణంతో లావణ్య సింహాసనం ఎక్కి కూర్చుంది.

అప్పుడే టీలు పట్టుకొచ్చిన గుమాస్తా సత్తిబాబు గారు తెర చూసి నవ్వారు. “మొన్న మీ బావగారి చేతిలో ఓడిపోయి తెగ ఏడ్చారు కదండి పాపగారూ... ఇవాళ గెలిచేశారన్నమాట!”

లావణ్య మొహం మాడిపోయింది. రాజమండ్రి నుంచి దాని బావ వచ్చాడట... నేను లేని ఆ వారంలోనే. ముందు కొట్టినవాళ్లే గెలుస్తారని అతని దగ్గర నేర్చుకుంది. నా మీద ప్రయోగించింది! ఒట్టు తప్పినందుకు కాదు నాకు ఏడుపొచ్చింది... చివర్లో ఏముందో ముందే తెలిసి కూడా నేనిచ్చిన ఆ ప్రాణం తీసుకుంది, అందుకు. టీ తాగకుండా ఇంటికొచ్చేశాను. మళ్లీ ఆ ఫ్యాక్టరీ గుమ్మం తొక్కలేదు.

మొన్న నా పాత ఫోటో కింద లావణ్య కామెంటు పెట్టింది. “ఐసు ఫ్యాక్టరీలో కోట ఆట గుర్తుందే? మనిద్దరం కలిసి గెలిచాం కదా!” అని.

కలిసి గెలిచామట! ఒళ్లు మండి ఫోన్ చేసి అడిగాను. నిజంగానే గుర్తు లేదు దానికి. బావ గుర్తు లేడు, సింహాసనం గుర్తు లేదు. ఐసు మీద చేతులు పెట్టడం మాత్రం గుర్తుందట. ఆ ఒట్టు ఏంటో గుర్తు లేదట!

ఇప్పుడు మా అబ్బాయి ముక్కూమొహం తెలియనివాళ్లతో జట్టు కట్టి ఆడతాడు. ఒకడు మోసం చేస్తే ఇంకొకణ్ణి వెతుక్కుంటాడు, ఏడవడు. వాడి పక్కన రెండో రిమోట్ పట్టుకుని కూర్చునేవాళ్లే లేరు... అది చూసినా నాకు బెంగగానే ఉంటుంది.

మీ పక్కన రెండో రిమోట్ ఎవరి చేతిలో ఉండేదో, చివర్లో మిమ్మల్నేం చేశారో కాస్త చెప్పండి.

లావణ్యా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. నాదో ప్రాణం నీ దగ్గరే ఉండిపోయిందే... ఇచ్చెయ్యి.