దీపవృక్షం మీద నేను చెప్పిన పాఠం

నా నోరంటే నాకు అసహ్యం. ఎన్నో ఏళ్లుగా ఆ అసహ్యాన్ని మింగుతూ బతుకుతున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఎదురుగా కూర్చుని ఉంటే మీకూ చెప్పేవాణ్ణి కాదు.

తొంభైల మొదట్లో నేను నారాయణగూడలో ఒక బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. అశోక్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. చిక్కడపల్లి సందులో ఒక మేడ మీది హాల్లో మా చిన్న సంఘం ప్రార్థనకు కూడేది. బుధవారం సాయంత్రాలు అక్కడ ప్రసంగం నాది. పూర్వం ఇశ్రాయేలీయులు ఎడారిలో తిరుగుతూ దేవుడి కోసం వేసుకున్న గుడారం గురించి, అందులో పెట్టిన వస్తువుల గురించి చెప్పేవాణ్ణి. బంగారు రేకు తొడిగిన మందసం, రంగుల నూలు తెర, ఏడు దీపాల దీపవృక్షం. ఒక్కో వారం ఒక్కో వస్తువు. దాన్ని ఎలా చేశారు, ఆ చేతిపనిలో మన ఆత్మకు ఏం పాఠం ఉంది అని.

మా నాన్న కోస్తాలో కంచరి. ఇత్తడి చప్పుళ్ల మధ్య పెరిగినవాణ్ణి గనుక ఆ పనుల గురించి నేను చెబుతుంటే జనం కదలకుండా వినేవారు. మెట్లు దిగుతుంటే "అన్నా, ఇయ్యాల మస్తు చెప్పిన్రు" అని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునేవారు. ఆ మాట కోసమే వారమంతా ఎదురుచూసేవాణ్ణా? అవును, దాని కోసమే.

దీపవృక్షం వంతు వచ్చిన రోజు హాలు నిండిపోయింది. దాన్ని ముక్కలుగా పోతపోసి అతికించలేదని చెప్పాను. ఒకే బంగారు ముద్ద. సుత్తితో కొట్టి కొట్టి అందులోంచే కొమ్మలు, మొగ్గలు, పువ్వులు తీశారు. దెబ్బ పడకపోతే పువ్వు లేదు. మిమ్మల్నీ దేవుడు అలాగే కొడుతున్నాడు, దెబ్బకు పక్కకు జరగకండి అన్నాను. ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

నేను చెప్పనిది ఒకటుంది. లోహాన్ని ఊరికే కొడుతూ పోతే బిరుసెక్కి పగిలిపోతుంది. మా నాన్న కాసేపు కొట్టి ఆపేవాడు. మళ్లీ నిప్పుల్లో పెట్టి మెత్తబరిచేవాడు. మళ్లీ సుత్తి వేసే ముందు వేలితో తట్టి చప్పుడు వినేవాడు. ఇదంతా నాకు తెలుసు. చెబితే ప్రసంగం ఊపు తగ్గుతుందని వదిలేశాను.

మరుసటి ఆదివారం ప్రార్థన అయ్యాక కుర్చీలు సర్దుతుంటే సుగుణ వచ్చింది. సంఘ పెద్ద దేవదానం గారి భార్య. ఆయనే నాకు ఆ బుధవారాలు ఇప్పించినవాడు, నా ప్రసంగాలను పుస్తకంగా అచ్చువేయిస్తానన్నవాడు. ఎండాకాలం. అయినా ఆమె కొంగు చెవుల మీదుగా గట్టిగా చుట్టుకుని ఉంది. దాని అంచు కింద దవడ కమిలి నల్లగా కనిపిస్తోంది.

"అన్నా, జర ఒక్క మాట అడుగుత. దీపవృక్షాన్ని కొట్టి కొట్టి చేసిన్రని చెప్పిన్రు గద. మనిషిని గూడ దేవుడు గట్లనే కొడ్తడా?"

"అవునమ్మా."

"ఇంకో మనిషి చేత్తోని గూడ కొట్టిస్తడా?"

ఆమె ఏం అడుగుతోందో నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇన్నేళ్లలో నాకు నేను చాలాసార్లు చెప్పుకుని చూశాను. అర్థమైంది. మెట్ల దగ్గర దేవదానం గారు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నా పుస్తకం గుర్తొచ్చింది.

"కొట్టిస్తాడమ్మా. సుత్తి ఎవరిదైనా చెయ్యి ఆయనదే."

"అయితే ఇంటికే పోవాల్నంటరు."

"వెళ్లాలమ్మా. ఓర్చుకోవాలి."

"సరే అన్నా" అంది. కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని మెట్ల వైపు వెళ్లిపోయింది.

ఇక్కడితో ఆగినా పిరికివాణ్ణని సరిపెట్టుకునేవాణ్ణేమో. ఆ రోజే నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగుతూ నేను ఆలోచించింది ఆమె దవడ గురించి కాదు. నా వాక్యం గురించి. సుత్తి ఎవరిదైనా చెయ్యి ఆయనదే. ఎంత బాగా వచ్చింది! చాయ్ చల్లారే లోపల దాన్ని రెండు మూడు రకాలుగా తిప్పి చూసుకున్నాను. ఆ బుధవారం వేదిక మీద గొంతు తగ్గించి, ఒక్కో మాట విడదీసి, దాన్ని పలికాను. ముందు వరసలోంచి దేవదానం గారు అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నాడు. ఆడవాళ్ల వైపు సుగుణ తల వంచుకుని కూర్చుంది. నేను చూశాను. చూసి, ఆ వాక్యాన్ని రెండోసారి పలికాను.

ఇది రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

వానలు మొదలయ్యాక ఒక రోజు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లారని తెలిసింది. ఎడమ చెవికి వినికిడి పోయింది. బాగ్ లింగంపల్లి నుంచి వాళ్లక్క వచ్చి తన ఇంటికి తీసుకెళ్లిపోయింది. పోయే ముందు హాల్‌కు వచ్చి అందరి ముందూ అడిగింది: "మా చెల్లెకు ఓర్చుకొమ్మని చెప్పిన పెద్దమనిషి ఎవరు? ఎంత అడిగినా పేరు చెప్తలేదు."

నేను కిటికీలోంచి బయటకు చూశాను. సుగుణ నా పేరు చెప్పలేదు. ఎందుకు? నా మీద గౌరవమా? దేవుడి మాట చెప్పినవాణ్ణి పట్టివ్వకూడదనా? అదే అయితే నా మీద నేను ఉమ్మేసుకున్నా సరిపోదు. భర్తను వదిలి వెళ్లిందని తర్వాత సంఘం ఆమెనే తప్పుపట్టింది. ఆ మాటలు జరిగిన గదిలో నేనూ ఉన్నాను, తల ఊపాను.

పుస్తకం అచ్చు కాలేదు. నేనే వద్దన్నాను. గొంతు బాగాలేదని ప్రసంగాలూ మానేశాను. ఎంత అణకువ అని మెచ్చుకున్నారు. దానికీ తల ఊపాను.

వెళ్లి ఆమెను క్షమించమని అడగొచ్చు కదా అంటారు మీరు. ఒకసారి కోఠిలో పుస్తకాల కొట్ల దగ్గర కనిపించింది. పక్కనున్న ఆవిడ ఏదో చెబితే సుగుణ మెడ తిప్పి, వినిపించే చెవి ఆమె నోటి దగ్గర పెట్టి విని, పెద్దగా నవ్వింది. సంఘంలో ఆమె నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నాలుగడుగులు వేసి ఆగిపోయాను. నేను వెళ్లి అడిగి ఉంటే ఆమె తప్పకుండా "పోనీ తియ్ అన్నా" అనేది. అప్పుడు నా మనసు తేలికపడేది. నా తేలిక కోసం ఆమెను ఇంకొకసారి ఓర్చుకోమనాలా? వెనక్కి తిరిగాను. అదీ పిరికితనమేనేమో. నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఆదివారం ఆమె నన్ను దేవుడి గురించి అడగలేదు. ఇంటికి పోవాలా వద్దా అని అడిగింది. అక్కడ కొడుతున్నది ఎవరో నాకు తెలుసు. తెలిసే వెళ్లమన్నాను.

ఇన్నేళ్లలో నేను పలికిన మొదటి నిజం ఇదే. మీరు నన్ను ఏమనుకున్నా సరే, ఇక దీన్ని వెనక్కి తీసుకోలేను.