అనసూయమ్మ గారి నాలుగు హద్దులు

మిర్చి బస్తాలు నింపిన కోల్డ్ స్టోరేజీ తలుపు తీయగానే ముందు చలి తగులుతుంది, ఆ వెనకే ఘాటు. నిన్న హైదరాబాదు నుంచి వచ్చిన ఇన్వెస్టర్లను లోపలికి తీసుకెళ్తే ఇద్దరు తుమ్ములు ఆపుకోలేక బయటికి పరుగెత్తారు. నాకు నవ్వాగలేదు. మా కంపెనీ పెట్టిన అనసూయమ్మ గారే ఉంటే కొంగు కూడా ముక్కుకు అడ్డం పెట్టుకోకుండా అక్కడే నిలబడి, "ఇది మా ఖమ్మం అత్తరు సారూ, ఏం కాదు, పీల్చుకోండ్రి" అని ఆట పట్టించేవారు. ఆవిడను చూడని వాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలని అప్పుడే అనిపించింది.

మా కంపెనీ ఇప్పుడు పెద్దదే. గోదాములు, కోల్డ్ స్టోరేజీలు, దుకాణ సముదాయాలు కట్టి కిరాయికిచ్చి, వచ్చిన ఆదాయాన్ని డబ్బు పెట్టినవాళ్ళకు పంచే ఫండ్లు నడుపుతాం. మొదలైంది మాత్రం వైరా రోడ్డు మీద ఒక్క షటరు గదిలో, ప్లాట్ల అమ్మకంతో. అనసూయమ్మ గారి తాత వైరా ప్రాజెక్టు కింద సాగు చేద్దామని కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చాడట. ఆవిడ చదువు ఇంటర్ దగ్గర ఆగింది, నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు. తమ్ముడు ప్రసాద్ గారు ఆవిడకు భాగస్వామి. నేను కొత్తగూడెం గని కార్మికుడి కూతుర్ని. బీకాం పూర్తి చేసి ఉద్యోగం కోసం వెళ్తే ఆవిడ నా మార్కుల వైపు చూడనే లేదు.

"పేరేంది?"

"గ్రేస్, మేడం."

"చర్చిల పాటలు పాడతవా?"

"పాడతాను మేడం."

"అయితే పదిమంది ముందట నోరు పెగుల్తది. రేపటి సంది రా."

చేరాక తెలిసింది, ఆవిడ భూమి కొనే పద్ధతే వేరని. దస్తావేజులో ప్రతి భూమికీ నాలుగు హద్దులు రాస్తారు: తూర్పున ఫలానా వారి పొలం, పడమర ఫలానా వారి మెట్ట చెలక, ఇలా. అందరూ ఆ పేర్లు చదివి పక్కన పెడతారు. ఆవిడ పెద్ద క్యారియర్ నిండా పులిహోర, పెరుగన్నం పెట్టించుకుని ఆ భూమి మీదికి వెళ్ళి, నాలుగు వైపుల వాళ్ళనూ పిలిచి, కలిసి భోంచేసేవారు. అమ్మేవాడిని మాత్రం పిలిచేవారు కాదు. మధిర దగ్గర ఒకసారి అలా తింటూనే పక్క పొలం ముసలాయన, "ఈ అమ్మేటోళ్ళ అక్క వాటా సంగతి తేల్చుకున్నరా అమ్మా?" అన్నాడు. ఆ అక్క పేరు ఏ కాగితంలోనూ లేదు. కారెక్కాక నేను ఆశ్చర్యపోతుంటే, "మన పులిహోర తిన్న నోటితోటి మనకే అబద్ధం చెప్పాలంటే మనసొప్పదే" అని నవ్వారు.

ప్లాటు ఒక్కసారే అమ్ముడవుతుంది, కిరాయి ఏటా వస్తుంది, కాబట్టి కోల్డ్ స్టోరేజీ కడదామన్నారు ఒకరోజు. టీచర్లు, రైతులు, దవాఖానా నర్సులు తలా కొంత పెట్టారు. మా నాన్న రిటైర్మెంటు డబ్బు కూడా అందులోనే పెట్టాడు. గోడలు లేచేసరికి సామాన్ల ధరలు పెరిగి పని ఆగిపోయింది. సరిగ్గా అప్పుడు హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మిగతా పెట్టుబడంతా తనే పెడతానన్నాడు. ఒకటే షరతు: టేకులపల్లి దాటాక అడవి అంచున ఒక రిసార్టుకు భూమి సంపాదించి పెట్టాలి. అది గిరిజనుల ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులు కొనకూడదు. దానికి అందరికీ తెలిసిన దొడ్డిదారి ఉంది: కాగితం మీద పేరు ఒక కోయ మనిషిది, భూమిని అనుభవించేది మనం. ప్రసాద్ గారు అలాంటి పేరొకటి సిద్ధం చేసి పెట్టారు కూడా.

"చూసొద్దాం పదండ్రి" అన్నారు అనసూయమ్మ గారు. క్యారియర్ కారెక్కింది.

ఇప్పచెట్టు నీడలో చుట్టుపక్కల వాళ్ళు మాతో పాటు కూర్చున్నారు. పక్కనున్న ఆ చెలక ఎవరిదని ఆవిడ తూర్పు వైపు ఆయన్ని అడిగారు. "పేరు నాదే అమ్మా. దున్నిచ్చేది ఖమ్మం సార్లు" అన్నాడు. పడమటి వైపు ఆవిడ, "మాది మా వదినె పేరు మీదున్నది. పంట సత్తుపల్లి ఆయన తీస్కపోతడు" అంది. ఉత్తరం వైపూ అదే కథ. వాళ్ళు మొర పెట్టుకోవడం లేదు. వానల గురించి చెప్పినంత మామూలుగా చెబుతున్నారు. అనసూయమ్మ గారు అందరూ తినేదాకా ఆగి, చెయ్యి కడుక్కుని, హైదరాబాదు ఆయన వైపు తిరిగారు.

"ఇది మనకు వద్దు సారూ. మా అన్నం తిన్నరు, సంతోషం."

తిరుగు ప్రయాణంలో ప్రసాద్ గారు మండిపడ్డారు. "అక్కా, అక్కడ గోడలు మొండిగ నిలబడ్డయ్. రేపు జనానికి ఏం చెప్తవ్?"

"ఉన్నదే చెప్త."

"లోకమంతా చేస్తున్నది. చట్టం నీ ఒక్కదానికేనా?"

"చట్టం సంగతి వకీళ్ళు చూస్తరు. ఒకరి పేరు ఎనక దాక్కొని బతుకుడు నాతోని కాదు ప్రసాదూ."

ఇల్లెందులో కారు ఆపించి ఆయన దిగిపోయారు. మళ్ళీ అక్క గడప తొక్కలేదు. ఆవిడ ఖమ్మం దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. ఏడ్చారేమో, నేను అటు చూడలేదు.

ఆ ఆదివారం పైకప్పు లేని షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పారు. తన ఇల్లు తాకట్టు పెడుతున్నానని, వెళ్ళిపోదామనుకునే వాళ్ళ డబ్బు తిరిగి ఇచ్చేస్తానని చెప్పారు. ఒక రిటైర్డ్ మాస్టారు లేచి, "గింత నీతి ఉన్నదానివి గుడి కట్టుకోవలసింది గదమ్మా!" అన్నాడు.

"గుడైతే కిరాయి రాదు గదా మాస్టారూ!"

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలోనే కొందరు తర్వాత వెళ్ళిపోయారు. ఇంటికి వెళ్ళి మన డబ్బు సంగతి ఏం చేద్దామని నాన్నను అడిగాను. "ఆమె గూడ ఆ గోడల కిందనే నిలబడ్డదా?" అన్నాడు. అవును, ఇల్లు కూడా తాకట్టు పెడుతున్నారన్నాను. "అయితే ఉండనియ్ బిడ్డా" అన్నాడు. కట్టడం ఆలస్యమైనా పూర్తయింది. మొదటి ఏడాదే మిర్చితో నిండిపోయింది. ఇంకోటి కట్టాం. ఆ పైన ఫండ్ రిజిస్టర్ చేశాం. పెద్ద సంస్థలు వాటంతట అవే వెతుక్కుంటూ వచ్చాయి. వచ్చిన ప్రతివాళ్ళకూ ఆవిడ ముందుగా టేకులపల్లి సంగతే చెప్పేవారు, గొప్పగానే చెప్పేవారు.

పోయినేడు ఆవిడ కన్నుమూశారు. అంతకుముందే నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టారు. అంత్యక్రియలకు ప్రసాద్ గారు వచ్చి దూరంగా నిలబడి వెళ్ళిపోయారు. అక్కను వదిలి వెళ్ళాక ఆయన అడవి పక్క వ్యాపారంలోనే దిగారని, కొంత సంపాదించి ఎక్కువ పోగొట్టుకున్నారని విన్నాను. కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయనే ఆఫీసుకు వచ్చి నా ఎదుట కూర్చున్నారు.

"నా బిడ్డ పేరు మీద మీ ఫండ్ల పెట్టాలె గ్రేసమ్మా. బయట ఎవర్ని నమ్మబుద్ధి అయితలేదు."

ఆయనంటే నాకు మొదటినుంచీ గౌరవమే. అయినా అడిగాను. "సార్, ఈ డబ్బు ఎక్కడిది?"

ఆయన ముఖం కందిపోయింది. "ఆ అడవి దిక్కుది ఒక్క రూపాయి లేదమ్మా. వైరా కింద నా వాటా మాగాణి అమ్మిన."

"అయితే ఆ కాగితాలు పంపండి సార్. చూశాకే తీసుకుంటాను."

లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఆయన నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "అక్క ఉన్నా గిదే మాట అడుగుతుండె. పంపిస్త తల్లీ, మంచిగ చూసినంకనే తీస్కో."

ఆవిడ తోడబుట్టిన వాడినే ఆ మాట అడగగలిగాను. ఇక ఎవరినైనా అడగగలను.