రెండు వేళ్ల ఎర్రగుర్తు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నేను ఒక మనిషి నోటికాడి కూడు తీశాను. అతను నాకు చేసిన అన్యాయమేమీ లేదు. ఓర్వలేక తీశాను.

మాది చాపాడు దగ్గర పల్లె. ప్రొద్దుటూరులో ఒక వెల్డింగ్ షాపులో గ్యాస్ కటింగ్ నేర్చుకుని, కాకినాడ ఎదుట సముద్రంలో పనికి పోయాను. అక్కడ చమురు, గ్యాసు తోడే ప్లాట్‌ఫారాలు ఉంటాయి. బావులు వట్టిపోయాక వాటిని సిమెంటుతో మూసి, పైపులు కడిగి, ఇనుమంతా ముక్కలుగా కోసి, క్రేను పడవ మీద ఒడ్డుకు చేరుస్తారు. కోసే పని మాది. పైపులో కాస్త గ్యాసు మిగిలి ఉన్నా, మంట పెట్టినవాడు మిగలడు.

ఓబులేసును అక్కడికి తీసుకుపోయింది నేనే. అది అతని అసలు పేరు కాదు. మా పల్లెలోనే గొర్రెలు కాసుకునే ఇంటివాడు, నాకంటే పదేళ్లు చిన్న, నన్ను మామా అనేవాడు. పైపులు కడిగించి, లోపల గ్యాసు లేదని మీటరుతో చూసే పని అతనికిచ్చారు. చూసిన ప్రతి పైపు మీదా, రెండు వేళ్లు ఎర్ర పెయింటులో ముంచి గుర్తు పెట్టేవాడు. మందు తాపిన గొర్రెకు వాళ్లింట్లో ఎర్రమట్టి జాజుతో అలాగే పెడతారట, ఒకదానికే రెండుసార్లు తాపకుండా. మేమంతా నవ్వాం. గొర్రెల డాక్టరని పేరు పెట్టింది కూడా నేనే. సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. కాగితం గాలికి ఎగిరిపోతుంది, ఇది పోదు అన్నాడు. రెండు వేళ్ల గుర్తు లేని పైపును ఎవరూ కోయకూడదని అందరికీ చెప్పాడు. నెల తిరగకుండా ఓబులేసును మేస్త్రీని చేశాడు.

నాకు మేస్త్రీ. నేను పడవ ఎక్కడం నేర్పినవాడు.

భోజనాల దగ్గర అందరూ జరిగి అతనికి చోటిస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు. అతను మారాడా? లేదు. మునుపటిలాగే తన పళ్లెంతో పాటు నా పళ్లెమూ కడిగిపెట్టేవాడు. దాంతో నా కడుపు ఇంకా మండేది. పొగరెక్కి ఉంటే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. తప్పు పట్టడానికి ఏమీ దొరకని మనిషిని చూసి కళ్లలో నిప్పులు పోసుకోవడం ఎంత నీచమో నాకు అప్పుడే తెలుసు. తెలిసీ మానలేదు.

ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి దిగినప్పుడు, థిన్నరులో తడిపిన గుడ్డతో మూడు పైపుల మీద గుర్తులు తుడిచేశాను. నిమిషం పట్టలేదు. గుర్తు లేనిదాన్ని ఎవరూ కోయరు కాబట్టి ఎవరికీ ప్రమాదం లేదని, మహా అయితే అతనికి చీవాట్లు పడతాయని, అతనూ మాలాంటివాడేనని పదిమందికీ తెలుస్తుందని, అంతకు మించి ఏమీ జరగదని నాకు నేను చెప్పుకున్నాను. చీవాట్లతో పోతుందని నిజంగా అనుకున్నానా? ఏమో. ఆ విషయంలో నన్ను నేను నమ్మను.

సూపర్‌వైజరు చూశాడు. కాగితంలో ఓబులేసు సంతకం ఉంది, పైపుల మీద గుర్తు లేదు. పని ఆపి పైపులన్నీ మళ్లీ పరీక్షించారు. అన్నీ ఖాళీయే. అయినా, చూడకుండా సంతకం పెట్టేవాడు సముద్రం మీద ఉండకూడదన్నాడు. సాయంత్రం పడవకే పంపేశారు. ఎక్కేముందు ఓబులేసు సంచి భుజాన వేసుకుని నా దగ్గరికొచ్చాడు.

"మామా, నేను పెట్టినట్టే ఉండాది నాకు. నువ్వు ఆడనే ఉంటివి గదా. చూసినావా?"

"నేను చూల్లేదు అబ్బీ. నా పనిలో నేనుంటి."

అతను తన వేళ్లకేసి చూసుకున్నాడు. వాటికి ఎర్రరంగు ఇంకా ఉంది.

"అయితే నేనే మర్చిపోయుంటా. నువ్వు అబద్ధం చెప్తావా ఏంది."

తరువాత మేస్త్రీని నేనయ్యాను. ఏడాది పాటు ప్రతి పైపు మీదా అతని గుర్తే పెట్టాను, నా వేళ్లతో.

ఇప్పుడు ఇద్దరమూ ఊరికి చేరాం. అతను మళ్లీ గొర్రెలు కాస్తున్నాడు. మొన్న వరికోతలయ్యాక ఎరువు కోసం నా పొలంలో అతని మందను కట్టించుకున్నాను. పొద్దున్నే మంద కదిలేటప్పుడు గొర్రెలను లెక్కపెట్టాడు. మళ్లీ పెట్టాడు. మూడోసారి కూడా పెట్టి నా దగ్గరికొచ్చాడు.

"మామా, నువ్వూ ఒకతూరి లెక్కపెట్టు. నా మతి మీద నాకు నమ్మకం లేదు. సముద్రం కాడ చూసినావు గదా."

అతని భార్య నవ్వింది. "ఇంట్లో గడియ పెట్టినాంక గూడా నన్ను అడుగుతాడన్నా, పెట్టినానా లేదా అని."

ఇన్నేళ్లూ అతని ఉద్యోగమే తీశాననుకున్నాను. తన చేతి మీద తనకున్న నమ్మకాన్ని కూడా తీశానని ఆ పొద్దున తెలిసింది.

లెక్కపెట్టాను. సరిపోయింది. "సరిగ్గానే ఉండాయి అబ్బీ" అన్నాను. అతని ముఖం తేటపడింది. ఎవరి మాటనైనా అంత నిశ్చింతగా నమ్మడం నాకు ఏనాడూ చేతకాలేదు. సిగ్గు లేదు నాకు. అప్పుడు కూడా అతణ్ణి చూసి అసూయే పుట్టింది. నిజం నాలుక మీదికొచ్చింది. మంద గట్టు దాటి పోయింది.

అతనికి ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. అతను ఆనాడు అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఓబులేసు ఆ మూడు పైపులకూ గుర్తు పెట్టాడు. నేను చూశాను.