మడుగులో పోసిన పెళ్లి అన్నం

నా చిన్నప్పుడు చాదర్‌ఘాట్ దిగువన మూసీలో ఇంకా చేపలుండేవి. ఇప్పుడు చెబితే మా మనవలు నవ్వుతారు. ఎండాకాలం ఏరు సన్నబడి, బండల మధ్య ఒక మడుగు మిగిలేది. పక్కింటి అవ్వ అందులో పరకలు పట్టి మాదన్నపేట మార్కెట్లో అమ్మేది. వానలు పడేదాకా ఆమెకూ, తల్లి లేని ఆమె మనవరాలికీ ఆ చిన్న చేపలే ఆధారం.

ఒక వేసవిలో మా మేనత్త పెళ్లయింది. అన్నం, పప్పు గంగాళాల్లో మిగిలిపోతే బర్రెలకు పోసి రమ్మని అమ్మ నన్ను పంపింది. బర్రెలకు కుడితి ఎలాగూ ఉంటుంది, పాపం చేపలకెవరు పెడతారు అనుకున్నాను. పదేళ్లదాన్ని, దానకర్ణుడి చెల్లెలిననుకుని నాలుగు బకెట్లు మడుగులో గుమ్మరించాను.

మూడో రోజు పొద్దున నీళ్లు నురగ కట్టి కంపు కొట్టాయి. పరకలన్నీ వెల్లకిలా తేలాయి. అవ్వ ఒడ్డున కూలబడింది. ఏడుస్తూ నిజం చెప్పేశాను. ఆమె తిట్టలేదు. నీళ్లలోంచి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టింది.

"గీ పాచి జూడు బిడ్డా. ఎండ తగిలితె పుడ్తది. గిదీ, రాలిన ఆకులూ పురుగులు తింటయ్. పురుగులను పరకలు తింటయ్. ఏరు బువ్వ ఏరే వండుకుంటది. నువ్వు పోసింది ఎక్కువై మురిగింది. మురుగుడుకు గూడ ఊపిరి గావాలె. నీళ్లల్ల ఉన్న ఊపిరంత అదే గుంజుకున్నది."

చచ్చిన చేపలను అమ్మనని గుంత తీసి పూడ్చింది. మర్నాటి నుంచి ఆ వయసులో ఇటుకలు మోసే కూలికి పోయింది. మనవరాలు బడి మానేసి వెంట నడిచింది. ఏమైందని మా అమ్మ అడిగితే, "నీళ్లెండినయ్" అంది అవ్వ. నేను పక్కనే ఉన్నాను, నోరు విప్పలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

తర్వాత నగరమంతా కలిసి ఏటికి అదే పని చేసింది. నగరాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

ఎవరికైనా మేలు చేయబోతే నా కాళ్లు ఆగిపోతాయి. ముందు వాళ్లను అడుగుతాను. ఆ రోజు చేపలు ఏం తింటాయని అవ్వను అడిగితే సరిపోయేది. ఆమె గడప మా గడపకు పది అడుగుల దూరం.